సైబీరియా కొంగలు కావు, చిలమత్తూరు చెరువుల కొంగలు

శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలో వీరాపురం ఓ చిన్న ఊరు. లేపాక్షి, హిందూపురం దగ్గర్లోనే ఉంటాయి. ఇంకాస్త ముందుకు పోతే కర్ణాటక. చుట్టుపక్కల పల్లెల్లాగే ఇక్కడా వేరుశనగ, రాగి, మల్బరీ తోటలు, బోర్లు, వానొస్తే తప్ప నీళ్లు కనపడని కుంటలు, ఇళ్ల మధ్య పెద్ద పెద్ద చింతచెట్లు. ఊరికి పేరు తెచ్చింది మాత్రం ఆ చింతచెట్ల మీద కాపురం పెట్టే కొంగలు. సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా అవి వస్తాయి. గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, వానాకాలం ముదిరేలోపు వెళ్లిపోతాయి. అవి ఉన్నన్నాళ్లూ ఊరు ఊరంతా వాటికి కాపలా. రాళ్లు వేయనివ్వరు, చెట్టెక్కనివ్వరు. పురిటికి వచ్చిన ఆడబిడ్డలంటారు. అవి రాని ఏడు వానలు సరిగా పడవని నమ్ముతారు.

ఏటా ఆ సీజన్‌లో పేపర్లలో, టీవీల్లో, ఇప్పుడు యూట్యూబ్‌లో ఒకే రకం వార్త వస్తుంది. సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన విదేశీ అతిథులు అని. ఊరివాళ్లు కూడా సైబీరియా కొంగలనే అంటారు. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ సైబీరియాలో ఈ జాతి కొంగ అసలు లేదు.

వీరాపురం కొంగను ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్ అంటారు. తెలుగులో ఎర్రకాళ్ల కొంగ. నిలబడితే మీటరు దాకా ఎత్తు, రెక్కలు చాస్తే మీటరున్నర. పసుపు రంగు పొడవాటి ముక్కు చివర కాస్త కిందికి వంగి ఉంటుంది, ముఖం మీద ఈకలుండవు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. పాకిస్తాన్‌లోని సింధు మైదానం, మన దేశం, నేపాల్ దిగువ ప్రాంతం, శ్రీలంక, అక్కడి నుంచి ఆగ్నేయాసియా: ఈ కొంగ ఉండేది ఇంతలోనే. హిమాలయాలకు అవతల దీనికి బతుకు లేదు. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి జిల్లాలు, రాష్ట్రాలు దాటి తిరుగుతుంది, అంతే.

పుస్తకాలు తిరగేయకుండానే దీన్ని తేల్చుకునే దారి ఒకటుంది. నిజంగా ఉత్తరాది చలి దేశాల నుంచి వచ్చే పక్షులు ఇక్కడ గూళ్లు కట్టవు. తల వెనుక రెండు నల్ల చారలుండే బాతు ఒకటి మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాల మీదుగా ఎగిరి దక్షిణాది చెరువుల దాకా వస్తుంది. చలికాలమంతా ఇక్కడ తిని, ఎండలు ముదరకముందే వెళ్లిపోతుంది. గుడ్లు పెట్టేది అక్కడే. చలిని తప్పించుకోవడానికి వచ్చేవాటికి ఇది మేత చోటు మాత్రమే. ఏ పక్షి ఏ ఊళ్లో గూడు కడితే దాని సొంత ప్రాంతం అదే. వీరాపురం కొంగలు చింతకొమ్మల మీద గూళ్లు కట్టి నెలల తరబడి పిల్లలను సాకుతున్నాయంటే అవి పుట్టిందీ, పెరిగిందీ, తిరిగి గుడ్లు పెట్టేదీ ఈ దక్షిణాది నేలలోనే అన్నమాట.

మరి సైబీరియా పేరు ఎలా అంటుకుంది? రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు ఒకప్పుడు నిజంగానే సైబీరియా కొంగలు వచ్చేవి. తెల్లటి, అరుదైన జాతి. పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో వాటి గురించి తెగ రాశారు. 2002 తర్వాత అవి భరత్‌పూర్‌లో కనపడలేదు. బహుశా ఆ పేరే జనం నోట్లో మిగిలిపోయి, గుంపుగా వచ్చే ప్రతి పెద్ద కొంగకూ తగిలించడం అలవాటైంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం పక్షులకూ ఇదే పేరు, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి పక్షులకూ ఇదే పేరు.

ఒక పేరు తప్పయితే మాత్రం ఏమైంది, పక్షులను బాగా చూసుకుంటున్నారు కదా అనిపించొచ్చు. కానీ ఈ పొరపాటుకు ఒక ఖర్చుంది. కొంగ సైబీరియాదైతే, అది ఇక్కడ లేని ఆర్నెల్లు దాని సంగతి మనకు పట్టదు. వచ్చినప్పుడు మర్యాద చేస్తే సరిపోతుంది. ఏదైనా ఏడాది తక్కువ వస్తే, దారిలో ఏమైందో, అక్కడ ఏమైందో అనుకుని ఊరుకుంటాం. ఈ కొంగ ఇక్కడిదే అని ఒప్పుకుంటే లెక్క మారుతుంది. అది తక్కువ వచ్చిందంటే మన చెరువుల్లోనే ఏదో తేడా వచ్చిందని అర్థం.

చెరువు ఎండుతుంటేనే పండగ

ఈ కొంగ తిండి తినే పద్ధతి తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే. చాలా కొక్కెరలు కదలకుండా నిలబడి, చేపను కంటితో చూసి, గురిచూసి పొడుస్తాయి. ఎర్రకాళ్ల కొంగ అలా కాదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, తలను అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. ఒక కాలితో బురదను కెలుకుతుంది. చేప ముక్కుకు తగలగానే టక్కున మూస్తుంది. కంటితో పనిలేదు, తగలడమే ముఖ్యం. కాబట్టి నీళ్లు బురదగా ఉన్నా ఫరవాలేదు కానీ రెండు షరతులు తప్పవు. నీళ్లు మోకాలి లోతు కూడా దాటకూడదు. ఆ కొద్ది నీళ్లలో చేపలు దండిగా ఉండాలి. పది అడుగుల లోతున్న నిండు చెరువులో ఎన్ని చేపలున్నా ఈ కొంగకు అవి లేనట్టే.

ఇప్పుడు సీమ చెరువు క్యాలెండర్ చూడండి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో వాన తక్కువ, ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పడేదాంట్లో పెద్ద భాగం ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, కొంత ఈశాన్య రుతుపవనాలతో నవంబరులో. మంచి ఏడైతే అప్పటికి చెరువు నిండి మరవ, అంటే అలుగు, పారుతుంది. ఆ నీళ్లలో చేపలు గుడ్లు పెట్టి పిల్లలవుతాయి. జనవరికి తూము కింద మడులకు నీళ్లు వదిలీ వదిలీ, ఎండకు ఆవిరయ్యీ చెరువు కుంచించుకుపోవడం మొదలవుతుంది. అంచుల్లో పల్చటి నీళ్లు, వాటిలో బెత్తెడు లోపు చేపలు కిక్కిరిసి ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రోజురోజుకూ కొత్త అంచు బయటపడుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే కొంగ గూట్లో పిల్లలు నోళ్లు తెరిచి ఉంటాయి. గుడ్డు పొదగడానికి నెల రోజులు, పిల్ల గూడు వదలడానికి ఇంకో రెండు నెలలు. కొంగ సంక్రాంతికి రావడం మొక్కుబడి కాదు, చెరువు ఎండే వేగాన్ని బట్టి చేసుకున్న లెక్క.

ఈ లెక్క ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఢిల్లీ జంతుప్రదర్శనశాలలో చెట్ల మీద 1960 నుంచి ఇదే జాతి కొంగలు, బోనుల్లోవి కాదు, స్వేచ్ఛగా తిరిగేవి, గూళ్లు కడుతున్నాయి. అక్కడ అవి మొదలుపెట్టేది ఆగస్టు, సెప్టెంబరులో. ఉత్తరాదిలో నైరుతి వానలు ముగిసే సమయం అది. ఒకే కొంగ, రెండు చోట్ల రెండు ముహూర్తాలు. సైబీరియా చలి భయమే కారణమైతే ఢిల్లీకీ వీరాపురానికీ ఈ నాలుగు నెలల తేడా ఉండే పనేలేదు. తేలుకుంచిలో కథ ఇంకోలా ఉంటుంది. అక్కడికి వచ్చేవి నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు. వరి మడుల్లో నత్తలు పెరిగేది వానాకాలంలో కాబట్టి అవి జూన్‌లోనే దిగిపోయి, పంట కోతకు వచ్చేసరికి వెళ్లిపోతాయి. పక్షి ముహూర్తం దాని కడుపు పెడుతుంది.

దీన్నుంచి ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది. చెరువులో నీళ్లుంటే చాలు, కొంగలు బాగుంటాయని మనం అనుకుంటాం. పూర్తిగా ఎండిన చెరువు ఎంత పనికిరాదో, ఎప్పుడూ నిండుగా ఉండే చెరువు కూడా ఈ కొంగకు దాదాపు అంతే పనికిరాదు. హంద్రీ-నీవా కాలువల ద్వారా కృష్ణా నీళ్లు ఈ జిల్లాలో కొన్ని చెరువులకు చేరాయి. కరువు సీమకు అది పెద్ద వరం, అందులో సందేహం లేదు. రైతుకు, తాగునీటికి, భూగర్భ జలానికి మేలు. కొంగకు మేలా కీడా అన్నది మాత్రం ఏ నెలలో ఎంత నీళ్లు వదిలారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మార్చిలో ఎండుతున్న చెరువును కాలువ నీళ్లతో మళ్లీ గట్టు దాకా నింపితే, అంచుల్లో దొరికే మేత ఒక్కసారిగా లోతుకు పోతుంది. పక్కనే ఇంకో చెరువో కుంటో ఎండుతూ ఉంటే కొంగ అక్కడికి మళ్లుతుంది. ఒక చుట్టుకొలతలో రకరకాల లోతుల్లో చాలా చెరువులు, కుంటలు ఉండటమే దానికి అసలు భద్రత. పాత కాలపు గొలుసు చెరువుల పద్ధతి, మీది చెరువు మరవ నీళ్లు కింది చెరువుకు చేరేలా కట్టిన ఏర్పాటు, కొంగల కోసం పుట్టింది కాదు. కానీ కొంగకు అంతకంటే అనువైన ఏర్పాటు ఇంకొకటి దొరకదు.

కష్టమేమిటంటే ఆ గొలుసులో ముందు తెగేవి కుంటలే. బోర్లు వచ్చాక చెరువు నీళ్ల మీద ఆధారపడే ఆయకట్టు తగ్గింది. ఆయకట్టు తగ్గాక కాలువ పూడిక తీసేవాడు లేడు, తూము దగ్గర నీళ్లు పంచే నీరుగట్టి పని పోయింది. నీళ్లు రాని కుంటలో కంప చెట్లు పెరుగుతాయి. కంప పెరిగిన కుంట రెవెన్యూ రికార్డులో కుంటే, చూసేవాడి కంటికి ఖాళీ జాగా. పెద్ద చెరువుకు ఎమ్మెల్యే జలహారతి ఇస్తాడు. రెండెకరాల కుంటకు ఎవరూ ఇవ్వరు.

చేపల వేలంపాట కూడా ఈ లెక్కలోకి వస్తుంది. చెరువులో చేపలు పట్టే హక్కును సంఘానికో, పాటదారుకో ఇస్తారు. వాళ్లు బొచ్చె, రోహు పిల్లలను తెచ్చి వదులుతారు. నీళ్లు తగ్గే వేసవిలో ఒకేసారి వలలు వేసి, అవసరమైతే మిగిలిన నీళ్లనూ తోడేసి పట్టుకుంటారు. పాటదారు పెట్టుబడి అది, అతన్ని తప్పుపట్టలేం. కానీ ఆ వలలో పెద్ద చేపలతో పాటు పరిగెలు, జెల్లలు కూడా ఊడ్చుకుపోతాయి. కొంగ తినేవి ఆ చిన్నవే. గూట్లో పిల్లలు సగం ఎదిగి ఉన్న నెలల్లో చుట్టుపక్కల చెరువులన్నీ ఒకేసారి ఊడ్చేస్తే తల్లి కొంగ మరింత దూరం పోవాలి. దూరం పెరిగేకొద్దీ రోజుకు తెచ్చే విడతలు తగ్గుతాయి. ముందు ఆకలికి పోయేది గూట్లో అందరికంటే చిన్నది.

చింతచెట్టు ఎవరిది

ఊరి మధ్యలో గూడు ఎందుకు? తిరుపతి జిల్లా నేలపట్టు పక్షుల అభయారణ్యంలో అయితే పక్షులు చెరువు మధ్యలో, నీళ్లలో నిలబడిన కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లుంటే పిల్లి, అడవి జంతువు రావు. వీరాపురంలో ఆ నీళ్ల కందకం లేదు. దాని బదులు మనుషులున్నారు. మనుషులు తిరిగే చోట గద్దలు, పెద్ద పాములు కాస్త జంకుతాయి. ఆ మనుషులు తమ జోలికి రానంతకాలం కొంగకు ఊరు అడవి కంటే క్షేమం. ఈ ఒప్పందంలో బలహీనం ఎక్కడుందో కూడా తెలుస్తూనే ఉంది. మనుషుల తీరు మారితే కొంగకు రెండో రక్షణ లేదు.

చింతచెట్టు చాలా ఊళ్లలో ఎవరో ఒకరి సొంతం. దాని కాయ డబ్బు. హిందూపురం చింతపండు మార్కెట్‌కు దక్షిణాదిలో పెద్ద పేరుంది. కరిపులి, ఫ్లవర్ అని రకాలుగా విడదీసి ధర కడతారు. కరిపులికి ఎక్కువ పలుకుతుంది. ఎకరా వేరుశనగ వానల్లేక పోయిన ఏడు కూడా పెరట్లో చింతచెట్టు ఎంతో కొంత ఇస్తుంది. చెట్టు మీద కాయ దులిపే మగవాళ్లకు, ఇంటి అరుగు మీద కూర్చుని పెంకు కొట్టి గింజ తీసే ఆడవాళ్లకు నాలుగు నెలలు కూలి. ఆ కోత కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అంటే కొంగ గుడ్ల మీద కూర్చునే కాలమూ, కర్రతో కొమ్మలు దులపాల్సిన కాలమూ ఒక్కటే.

గూళ్లున్న చెట్టును దులపలేరు. దులిపితే గుడ్లు, పిల్లలు నేలపాలు. కాబట్టి చెట్టు యజమాని ఆ ఏడు ఆ కొమ్మల పంట వదులుకుంటాడు. పైగా రెట్టతో ఆకు మాడుతుంది, కాయ పాడవుతుంది, కింద పశువుల కొట్టం ఉంటే అదంతా తెల్లబడుతుంది. ఎండ పెరిగాక చేపల కంపు, పడి చచ్చిన పిల్లల కంపు ఊరంతా. కెమెరాతో బెంగళూరు నుంచి వచ్చి గంటసేపు ఫొటోలు తీసుకుని వెళ్లేవాళ్లకు ఈ కంపు ఫొటోలో కనపడదు. పల్లెవాళ్ల ప్రేమ గురించి రాసేటప్పుడు ఈ ఖర్చును పక్కన పెట్టి రాయడం మనకు బాగా అలవాటు. నమ్మకం నిజమే, ఆప్యాయత నిజమే. వాటి బిల్లు కట్టేది మాత్రం ఊరంతా కాదు, చెట్లున్న కొన్ని కుటుంబాలే.

ఈ ముడిని విప్పే ప్రయత్నం కర్ణాటకలో ఎప్పుడో మొదలైంది. మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో, శింషా నది దగ్గర, కొక్కరెబెళ్లూరు అనే ఊరుంది. అక్కడ ఎర్రకాళ్ల కొంగలతో పాటు గూడబాతులు, అంటే పెలికాన్లు, ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్లేగు వచ్చి ఊరు ఊరంతా వేరే చోటికి తరలిపోతే పక్షులు కూడా వెంటే వచ్చాయని అక్కడివాళ్లు చెబుతారు. 1976లో ఎస్.జి. నేగినహాళ్ అనే అటవీ అధికారి ఈ ఊరి సంగతి బయటి ప్రపంచానికి తెలిపాడు. ఆ తర్వాత గూళ్లున్న చెట్ల యజమానులకు అటవీ శాఖ ఏటా కొంత సొమ్ము చెల్లించే పద్ధతి పెట్టింది. 1990ల నుంచి మైసూరు ప్రకృతి ప్రియుల బృందం ఒకటి ఊరివాళ్లతో కలిసి పనిచేస్తూ, గూటి నుంచి పడిన పిల్లలను పెంచి వదిలే ఏర్పాటు చేసింది. రైతులు చెట్ల కింద గుంటలు తీసి, చెరువు ఒండ్రు పరిచి, దాని మీద పడిన రెట్టను ఎరువుగా పొలాలకు తోలుకునేవారు. 2007లో అక్కడ కమ్యూనిటీ రిజర్వ్ ప్రకటించారు. వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణతో వచ్చిన ఏర్పాటు అది. ఊరి భూమి ఊరిదే, చెట్టు యజమానిదే, కానీ రక్షణ బాధ్యతలో ఊరికి చట్టబద్ధమైన వాటా ఉంటుంది.

కొక్కరెబెళ్లూరులో అంతా సుఖంగా ఉందని కాదు. ఇచ్చే డబ్బు చింతపండు ధరతో పోలిస్తే చాలదని, ఆలస్యంగా వస్తుందని చెట్లవాళ్లు ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. అయినా ఆ పద్ధతిలో ఒక సూటిదనముంది. చెట్టు యజమాని చేసేది ధర్మం కాదు, ప్రజలందరి తరఫున కొమ్మలను అద్దెకిస్తున్నాడు అని ఒప్పుకోవడం. అద్దె అన్నాక రేటు మార్కెట్‌ను బట్టి మారాలి, ఏటా సమయానికి పడాలి. హిందూపురం మార్కెట్‌లో ఆ వారం ధర ఎంతో అందరికీ తెలుసు. ఒక పెద్ద చెట్టు ఎన్ని కిలోల కాయ కాస్తుందో ఊళ్లో ఏ రైతయినా చెప్పగలడు. లెక్క కట్టడం అంత కష్టమేమీ కాదు.

కాయ నష్టం కంటే పెద్ద ప్రశ్న చెట్టు ప్రాణానిది. ఏళ్ల తరబడి రెట్ట పడితే చింతచెట్టు క్షీణిస్తుంది. కొత్త మొక్క నాటితే కొంగల గుంపును మోసే కొమ్మలు రావడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. కొల్లేరులోని ఆటపాక దగ్గర చెట్లు చాలక అటవీ శాఖ ఇనుప స్టాండ్లు పాతితే గూడబాతులు వాటి మీదే కాపురం పెట్టాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో కూడా అలాంటి ఏర్పాటు చేశారు. నీళ్ల మధ్యలో ఇనుప స్టాండు నడుస్తుంది. పొలం పక్కన, ఇళ్ల మధ్య, మండుటెండలో ఇనుము మీద కొంగ పిల్ల బతుకుతుందా అన్నది వేరే సంగతి. ఏప్రిల్ ఎండలో చింతాకు నీడ ఉన్నచోట కూడా తల్లి కొంగ రెక్కలు చాపి పిల్లలకు గొడుగు పట్టాల్సి వస్తుంది.

చేపలో పురుగు

2021 చివర్లో, 2022 మొదట్లో తేలినీలాపురంలో గూడబాతులు కుప్పకూలాయి. వందకు పైగా చచ్చాయి. కడుపులో నులిపురుగులు దొరికాయి. అంతకు కొన్నేళ్ల ముందు, 2017-18లో, కొక్కరెబెళ్లూరులోనూ గూడబాతులు ఇలాంటి పురుగుల వల్లే చనిపోయాయి. తర్వాతి కాలంలో వీరాపురంలో కొంగల మరణాల వార్తలు వచ్చినప్పుడూ అనుమానం ఇటే పోయింది. ఈ పురుగు పిల్లదశలో చేప శరీరంలో ఉంటుంది, చేపను తిన్న పక్షి కడుపులో పెద్దదవుతుంది, పక్షి రెట్టతో గుడ్లు మళ్లీ నీళ్లలోకి చేరతాయి. కొద్దిగా ఉంటే పక్షి తట్టుకుంటుంది. చెరువు మురికిపట్టి, చేపలు ఇరుక్కుని, మేత దొరికే చోట్లు రెండో మూడో మిగిలినప్పుడు పక్షులన్నీ అక్కడికే చేరతాయి, పురుగు లెక్క తప్పుతుంది. తేలినీలాపురం విషయంలో చుట్టుపక్కల రొయ్యల, చేపల చెరువుల నీళ్ల మీదా అనుమానాలు వ్యక్తమయ్యాయి.

ఇక్కడ కూడా తేలేది ఒకటే. చెట్టు కింద కాపలా ఎంత గట్టిగా ఉన్నా చేపలో ఉన్న పురుగును ఆపలేదు. ఊరు చేయగలిగింది ఊరు చేసింది. రోగం వచ్చింది ఊరికి అవతల, చెరువులోంచి.

నేలపట్టుకు ఇంతకంటే గట్టి రక్షణ ఉంది. 1976లోనే పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. తమాషా ఏమిటంటే అక్కడి గూడబాతులు కూడా మేతకు ఆ హద్దులు దాటి పులికాట్‌కు, చుట్టుపక్కల ఊరి చెరువులకు పోవాల్సిందే. అభయారణ్యం గూటికి, మేత బయటి ఊళ్లలో. చట్టం కాపాడేది మంచాన్ని, వంటిల్లు మాత్రం బయటే ఉంది. వీరాపురానికి ఆ మంచం కూడా జనం మాట మీదే నిలబడి ఉంది.

ఆ జనం కింద భూమి ఇప్పుడు కదులుతోంది. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు కేటాయించారు. ఆ ప్రాజెక్టు అనుకున్నట్టు రాలేదు, భూముల వివాదం మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలైంది. బెంగళూరు విమానాశ్రయానికి 44వ నంబరు జాతీయ రహదారి మీద సూటిగా దారి. కొడికొండ చెక్‌పోస్టు చుట్టూ వెంచర్ల బోర్డులు కనపడతాయి. ఊళ్లో కుర్రాళ్లకు ఉద్యోగాలొస్తే సంతోషమే. కానీ ఎకరా ధర పెరిగిన చోట చింతచెట్టు విలువ కాయను బట్టి లెక్కవేయరు. అది ఆక్రమించిన సెంట్లను బట్టి లెక్కవేస్తారు. చింత మొద్దుకు మాంసం కొట్టే అంగళ్లలో గిరాకీ ఉంది, కొమ్మలు వంటచెరకుకు పోతాయి. దక్షిణాది రహదారులను వెడల్పు చేసినప్పుడు రోడ్డు పక్క చింతచెట్ల వరసలు ఎలా మాయమయ్యాయో కొంచెం వయసున్న వాళ్లకు గుర్తే. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం చెట్టు కొట్టడానికి అనుమతి అడగమంటుంది. అడిగేది ఎందరు, ఆపేది ఎవరు అన్నది ఏ మండలంలోనైనా అందరికీ తెలిసిందే.

కాబట్టి వీరాపురం కొంగల గురించి అటవీ శాఖను మాత్రమే అడగడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. చెరువులో ఎప్పుడు ఎంత నీళ్లు నిలపాలో జలవనరుల శాఖ చూస్తుంది. చేపల హక్కు మత్స్య శాఖ, సంఘాలు, పంచాయతీల మధ్య తేలుతుంది. కుంట ఆక్రమణ తహసీల్దారు పని. వీటిలో ఎక్కడా కొంగ అన్న మాట రాదు. చేపల హక్కు ఇచ్చే కాగితంలో రెండు షరతులు చేరిస్తే చాలా తేడా వస్తుంది. వేసవిలో చెరువు పట్టేటప్పుడు ఒక మూల మోకాలి లోపు నీళ్లను, వాటిలోని చిన్న చేపలను వదిలేయాలని ఒకటి. దగ్గర దగ్గరగా ఉన్న చెరువులన్నీ ఒకే వారంలో పట్టకుండా వంతులు వేసుకోవాలని ఇంకొకటి. దానివల్ల పాటదారుకు పోయేది కొన్ని బుట్టల పరిగెలు. అంతమేరకు పాట సొమ్ములో తగ్గించి ఇవ్వొచ్చు.